గంటలరేవు

పూర్వం కొంగవాగు ఒడ్డున సోమేశ్వరస్వామి స్వయంభువుగా వెలసిన తొలినాళ్ళలో, విరూపయ్య అనే తంబళ్ళ అర్చకుడు ఆ స్వామికి త్రికాల పూజలు జరిపేవాడు. స్వామికి ఏ లోటూ లేదు గానీ విరూపయ్యకే మనశ్శాంతి లేదు. గుడి ఈ ఒడ్డున, భక్తజనమంతా ఆ ఒడ్డున. వానాకాలం వచ్చిందంటే వాగు పొంగి, దర్శనార్థం బయల్దేరిన వాళ్ళలో ఏటా ఎవరో ఒకరిని పొట్టన పెట్టుకునేది.

"వాగుకి అడ్డంగా నాలుగు రాళ్ళు వేయించండయ్యా" అని ఆయన ప్రాధేయపడని దాత లేడు. వాళ్ళు శ్రద్ధగా విని, తల ఊపి, గంట తెచ్చి సమర్పించేవారు. గంటానాదం ఎంతమేర వినబడితే దాత కీర్తి అంతమేర వ్యాపిస్తుందని ఎవడు చెప్పాడో, వాడి నోట్లో మన్ను పడ, ఆ ప్రాంతపు శ్రీమంతులందరికీ అదే పిచ్చి పట్టుకుంది. ఒకరు మోకాలెత్తు గంట కట్టిస్తే మరొకరు నడుమెత్తు గంట కట్టించేవారు. ప్రతి గంట మీదా దాత నామధేయం, గోత్రం, బిరుదులు! మండపంలో దూలం కనబడనంతగా గంటలు వేలాడుతుంటే, విరూపయ్య నడుం వంచుకుని గర్భాలయంలోకి దూరవలసి వచ్చేది. "నీ చెవులకైనా చిల్లులు పడవా తండ్రీ? నేను రాళ్ళడిగితే వీళ్ళు కంచు తెస్తారేమిటి!" అని హారతివేళ స్వామి దగ్గరే విసుక్కునేవాడు.

ఆ సీమకు సామంతుడు గండరాయడు. ధర్మాత్ముడే, కాదనలేం, కాకపోతే చేసిన దానం నలుగురికీ వినబడకపోతే ఆయనకి అన్నం సహించేది కాదు. ఒకనాటి శ్రావణ సోమవారం ఆయన నిలువెత్తు గంటను ఎద్దులబండి మీద మేళతాళాలతో ఊరేగించుకుంటూ వచ్చాడు. విరూపయ్య ఎదురెళ్ళి చేతులు జోడించాడు.

"ప్రభూ, ఈ కంచు ఖరీదుతో వాగుకి దారి పడేది కదా!"

"నీళ్ళలో వేసిన రాళ్ళ మీద మా పేరు ఎవరు చూస్తారు విరూపయ్యా?" అన్నాడు రాజు, ఏమాత్రం మొహమాటం లేకుండా.

ప్రతిష్ఠ జరిగింది. కొత్త గంటతో పాటు ఉన్న గంటలన్నీ ఒక్కసారిగా మోగించారు. రోజూ స్వామికి మారేడుదళాలు తెచ్చే నాగసాని అనే అవ్వ సరిగ్గా అప్పుడే బుట్ట నెత్తిన పెట్టుకుని ఆ ఒడ్డున వాగులోకి దిగింది. సగం దాటిందో లేదో వరద ముంచుకొచ్చింది. అవ్వ నోరు తెరిచి అరుస్తున్నట్టు విరూపయ్యకి కనబడుతోంది, వినబడితేగా! "అవ్వ కొట్టుకుపోతోంది, ఆపండి, ఎవరైనా దిగండి!" అని ఆయన పెట్టిన కేకలూ ఆ మోతలో కలిసిపోయాయి. రాజుగారు అదేదో స్తోత్రమనుకుని భక్తిగా కళ్ళు మూసుకున్నారు.

ఇక విరూపయ్యకి ఒళ్ళు మండిపోయింది. పరుగున వెళ్ళి రాజుగారి గంటను రెండు చేతులా వాటేసుకుని, గర్భాలయం వైపు తిరిగి, "నీకు గంటలు కావాలా, మనుషులు కావాలా? ఇప్పుడే తేల్చి చెప్పు! గంటలే కావాలంటే రేపట్నుంచి నీ దీపం నువ్వే పెట్టుకో!" అని గొంతు చించుకున్నాడు.

స్వామి తేల్చి చెప్పాడు. దూలాలు ఫెళఫెళ విరిగాయి. విరూపయ్య చేతుల్లోని గంట జారిపోయింది. గంటలన్నీ దొర్లుకుంటూ వాగులోకి దిగి, ఒడ్డు నుంచి ఒడ్డుకి బారులు తీరి, మూతి కిందికి పెట్టి కూర్చుని, అక్కడికక్కడే శిలలయ్యాయి. నిలువెత్తు గంట నడివాగులో అవ్వ పాదాల కిందికి వచ్చి ఆగింది. నాగసాని బుట్ట సర్దుకుని, ఒక్కో రాయి మీదా అడుగు వేసుకుంటూ వచ్చి, దళాలు అర్చకుడి చేతిలో పోసింది.

ఆ రాళ్ళ మీద ఒక్క అక్షరం కూడా మిగల్లేదు. గండరాయడు చాలాసేపు వాటినే చూసి, "మరి నా పేరు?" అన్నాడు దీనంగా. విరూపయ్య పళ్ళు కొరికాడు గానీ, అవ్వ కొంగు పిండుకుంటూ నవ్వింది.

"పైనే చెక్కించుకో నాయనా. కాళ్ళు జారకుండా ఉంటాయి."

రాజు చెక్కించుకున్నాడు. ఆయన్ని చూసి మిగతా దాతలూ చెక్కించుకున్నారు. ఆనాటి నుంచి ఆ తావుకి గంటలరేవని పేరు. ఆ గుడిలో నేటికీ గంట కట్టరు, హారతివేళ చప్పట్లు చరుస్తారు. శ్రావణ సోమవారాల్లో తొలి మారేడుదళం ఆ రాళ్ళ మీదుగానే రావాలి. రాళ్ళ నెత్తిన గాట్లు ఇప్పటికీ ఉన్నాయి. అవి ఎవరెవరి పేర్లో చదివి చెప్పగలిగినవాళ్ళు లేరు. కాలు మాత్రం జారదు.