తొండ చేసిన రంగుల పంపకం

పిల్లలూ, ఈ కథ మీకు ఇంతవరకూ ఎవరూ చెప్పి ఉండరు. మీరు పెరుగుతున్న చోట పిల్లిపెసర తీగ మొలవదు. బండెక్కి తలాడించే తొండ కనబడదు. అందుకని అన్నీ విడమరిచి చెబుతాను, ఓపికగా వినండి. ఒక్క మాట ముందే చెప్పాలి. ఇందులో జంతువులు మాట్లాడుకోవడం కల్పన. సీతాకోకచిలుక రెక్కల గురించీ, దాని బిడ్డల తిండి గురించీ, చీమల గురించీ చెప్పేది మాత్రం ఉన్నదే.

అనగనగా ఒక అడవిలో ఒక ఏడాది వానలు మొహం చాటేశాయి. వాగులు ఎండాయి. పూలు మాడాయి. ఒక్క ఏటిగట్టున మాత్రం కాస్త తడి మిగిలింది. అక్కడ పిల్లిపెసర తీగలు నేలంతా పాకి, పచ్చపచ్చటి మొగ్గలు తొడిగాయి.

ఆ అడవిలో సీతాలు అనే చిన్న సీతాకోకచిలుక ఉండేది. ఆమె రెక్క మీ బొటనవేలి గోరంత. ఆమె పెనిమిటి పేరు నీలయ్య. నీలయ్య రెక్కలు విప్పితే లేత నీలం. సీతాలు రెక్కలు విప్పితే మట్టిరంగు. ఆ జాతిలో అంతే. మగవాళ్ళు నీలం, ఆడవాళ్ళు మట్టిరంగు. మగనెమలికి పింఛం ఉంటుంది, ఆడనెమలికి ఉండదు. అంతమాత్రాన ఆడనెమలిని ఎవరైనా కోడి అంటారా?

సీతాలు గుడ్లు పెట్టే వేళ దగ్గరపడింది. ఆమె బిడ్డలు పిల్లిపెసర లాంటి తీగల మొగ్గలూ, పూలూ, లేతకాయలూ మాత్రమే తింటారు. గడ్డి పెడితే ముట్టరు. పైగా సీతాకోకచిలుక బతుకు నాలుగు నాళ్ళది. ఆలస్యమైతే తల్లీ ఉండదు, గుడ్లూ ఉండవు.

ఇలా ఉండగా ఏటిగట్టు మీద తొక్కిసలాట మొదలైంది. ఉన్న పూలు కొన్ని, వచ్చే నోళ్ళు వేలు. అడవిలోని జీవులన్నీ కూడాయి.

"ఎవరో ఒక పెద్దమనిషి పంచిపెట్టాలి" అన్నాయి.

"తొండ పెద్దయ్య ఉన్నాడుగా!" అన్నారెవరో.

తొండకు ఆ పెద్దరికం ఎలా వచ్చిందో చెప్పనా? ఎవరేం చెప్పినా అది తల పైకీ కిందికీ ఆడిస్తుంది. అందరూ తమ మాటకే ఒప్పుకుందనుకుంటారు. అలా అందరికీ నచ్చింది. తొండ ముదిరి ఊసరవెల్లి అయిందంటారు గానీ, ఈ తొండ ముదిరి న్యాయాధికారి అయింది!

తొండ ఏటిగట్టు పక్కన ఉన్న పెద్ద నల్లబండ ఎక్కి కూర్చుంది. "ఒక్కొక్కరే నా కింది నుంచి ఎగిరి పొండి. రంగు చూసి గుంపు చెబుతాను. నీలం వాళ్ళకి ఏటిగట్టు. పసుపు వాళ్ళకి తుమ్మల దిబ్బ. మట్టిరంగు వాళ్ళకి గడ్డి వాలు. ఒకరి చోటికి ఒకరు పోకూడదు" అంది. గట్టు మీద కాపలాకి రెండు కందిరీగలను పెట్టింది.

నీలయ్య ఎగిరి వెళ్ళాడు.

"శభాష్! నీలం! ఏటిగట్టు!" అంది తొండ.

వెనకే సీతాలు ఎగిరింది.

"మట్టిరంగు! గడ్డి వాలు!"

సీతాలు గాలిలోనే ఆగిపోయింది. "అయ్యా, ముందు వెళ్ళినాయన నా పెనిమిటి. మాది ఒకటే జాతి."

కందిరీగలు పకపకా నవ్వాయి. "విన్నావుట్రా? నీలిపిట్టకి మట్టిపెళ్ళ పెళ్ళామంట!"

"నీలం నీలమే, మట్టి మట్టే" అని తల ఆడించింది తొండ. "తరవాతెవరు?"

సీతాలు ఒళ్ళంతా భగ్గుమంది. ఆమె పుట్టిందీ, పెరిగిందీ, మొదటిసారి రెక్క విప్పిందీ ఆ తీగల మీదే. నిన్న బండెక్కినవాడు ఇవాళ పొమ్మంటాడా?

అయినా గడ్డి వాలుకి వెళ్ళింది. అక్కడ గడ్డి మీద బతికే గోధుమరంగు సీతాకోకచిలుకలు ఉన్నాయి. అవి మంచివే. "రా అమ్మా, చోటుంది. నీ పిల్లలు గడ్డి తింటారా?" అని అడిగాయి.

"తినరమ్మా. మీ పిల్లలు తింటారు, మా వాళ్ళు తినరు."

"అయ్యో! మరి నిన్ను ఇక్కడికి ఎందుకు పంపారు?"

"నా వీపు రంగు మీ వీపు రంగులా ఉందట. అందుకు!"

ఆ వాలు మీదే సీతాలు చెల్లెలు రంగమ్మ కనబడింది. పాపం, భయస్తురాలు. "పెద్దలు చెప్పారు కదక్కా. ఏదో ఆలోచించే చెప్పి ఉంటారు. నేను ఇక్కడే గడ్డిపోచల మీద పెట్టేశాను" అంది.

"ఎంత పని చేశావే!" అని సీతాలు గుండె బాదుకుంది. వెంటనే మళ్ళీ ఏటిగట్టుకి బయలుదేరింది.

ఈసారి సాక్ష్యం తీసుకెళ్ళింది. గట్టు కింద పుట్టలో నల్లచీమల అవ్వ ఉంది. సీతాలు జాతి పిల్లలకూ చీమలకూ పాత స్నేహం. ఆ పిల్లలు పచ్చటి చిన్న గొంగళిపురుగులు. వాటి వీపు మీద తియ్యటి చుక్క ఊరుతుంది. చీమలు అది తాగుతాయి. తాగినందుకు వాటి చుట్టూ కాపలా కాస్తాయి. సాలీడు వచ్చినా, పురుగుల్ని తినే ఈగ వచ్చినా కరిచి తరుముతాయి. ముందటి కాన్పులో పుట్టిన సీతాలు బిడ్డ ఒకడు ఇంకా అవ్వ కాపలాలోనే ఉన్నాడు. అవ్వ వాణ్ణి ఒక పిల్లిపెసర రెమ్మ మీద ఎక్కించి, చీమల చేత మోయించి బండ కిందికి తెచ్చింది.

"పెద్దయ్యా, వీడు నీలయ్యకీ సీతాలుకీ పుట్టినవాడు. మా చేతుల్లో పెరుగుతున్నాడు. చూసుకో" అంది అవ్వ.

తొండ బండ మీంచే చూసింది. "పచ్చగా ఉన్నాడు. రెక్కల్లేవు. వీడు సీతాకోకచిలుకే కాదు, పురుగు. పురుగుల గుంపులో వెయ్యండి" అంది.

"అంటే తండ్రి నీలం, తల్లి మట్టి, కొడుకు పురుగా?" అంది సీతాలు. "ఒక్క ఇంటిని మూడు చెక్కలు చేశావే! రేపు వీడికి రెక్కలొచ్చి నీలంగా ఎగిరితే ఏమంటావు?"

"అప్పుడు నీలం అంటాను."

"ఎవరి కొడుకంటావు?"

తొండ తల ఆడించింది. ఔనని కాదు, కాదని కాదు. ఊరికే ఆడించింది.

అవ్వకు చిర్రెత్తింది. "ఇదిగో పెద్దయ్యా, నీ నీలిగుంపుని ఒకసారి చూశావా? గట్టంతా మగాళ్ళే! ఒక్క ఆడది లేదు. గుడ్లు నువ్వు పెడతావా, ఈ కందిరీగలు పెడతాయా?"

చీమలన్నీ గొల్లున నవ్వాయి. తొండకు కోపమొచ్చింది. అందర్నీ తరిమెయ్యమంది.

అలా తిరుగుతూ మూడు రోజులు గడిచాయి. సీతాలు ఒక ఎండుటాకు మీద వాలింది. కడుపు బరువెక్కింది. పొద్దు వాలితే మరో రోజు పోయినట్టే. అప్పుడు పక్కకు ఒక మిడత వచ్చింది.

"వదినా, ఏడవకు. నేనొక ఉపాయం చెబుతాను. ఆ పొదలో శంఖుపూలు ఉన్నాయి. నలిపి రెక్కలకు పూసుకో. పైనుంచి చూసేవాడికి నీలంగా కనబడతావు. లోపలికి పో, పని చూసుకో. లోకం తీరు ఇంతే. మనమే సర్దుకుపోవాలి."

సీతాలు కాసేపు ఆ పూల వైపు చూసింది. తప్పు అనుకోకండి పిల్లలూ. బిడ్డల కోసం తల్లి చూడని దారి ఉండదు.

తరవాత తల అడ్డంగా ఊపింది. "పూస్తే నా రెక్కల మీది పొడి రాలిపోతుంది. అదైనా ఓర్చుకుంటాను. కానీ రేపు నాకు కూతుళ్ళు పుడతారు మరిదీ. వాళ్ళూ మట్టిరంగే. వాళ్ళకీ పూయనా? వాళ్ళ కూతుళ్ళకీ పూయనా? రంగు నాకు తక్కువ కాలేదు. చూపు వాడికి తక్కువైంది. మందు వాడి కంట్లో వెయ్యాలి, నా రెక్క మీద కాదు!"



సీతాలు నేరుగా గట్టు అంచుకి ఎగిరింది. కందిరీగలు అడ్డంగా వచ్చాయి. ఆమె వాటిని చూడనైనా లేదు. తీగల మీద హాయిగా ఎండ కాచుకుంటున్న నీలయ్యను పిలిచింది.

"ఏమయ్యా!"

నీలయ్య ఉలిక్కిపడ్డాడు. "నువ్వా! అరవకే. పెద్దయ్య వింటాడు. కొంచెం ఓపిక పట్టు, నేను మెల్లగా మాట్లాడతాను."

"ఎప్పుడు? నేను చచ్చాకా? నాకు తిండి వద్దు, పూలు వద్దు. గుడ్డు పెట్టడానికి ఒక మొగ్గ కావాలి. అవి నీ బిడ్డలు కూడానయ్యా!"

"నేనేం చెయ్యను? రంగు అలా పుట్టింది. నేను అడగలేదుగా."

"అడగలేదు. కానీ అనుభవిస్తున్నావు!" అంది సీతాలు. "రోజూ పొద్దుగూకేవేళ ఇద్దరం ఒకే గడ్డిపోచ మీద వాలి రెక్కలు ముడిచేవాళ్ళం. అప్పుడు ఎవరు నీలం? ఎవరు మట్టి? అది నీకు తెలుసు. ఆ తొండకి తెలియదు. తెలిసి నోరు మూసుకున్నవాడు వాడికంటే ఘోరం."

నీలయ్య తన చుట్టూ ఉన్న మొగ్గలకేసి చూశాడు. ఒక్క మొగ్గ మీద ఒక్క గుడ్డు లేదు. తీగ నిండా పూలుండీ అది వల్లకాడులా ఉందని అతనికి అప్పుడు తోచింది.

అతను లేచి ఎగిరి, గట్టు అంచున సీతాలు పక్కకు వచ్చి ఒకే రెమ్మ మీద వాలాడు. అందరూ చూస్తుండగా రెక్కలు ముడిచాడు. సీతాలు కూడా ముడిచింది.

ఇద్దరి రెక్కల అడుగుభాగం ఒకటే. బూడిదరంగు. దాని మీద అవే తెల్లటి గీతలు, అవే నల్లటి మచ్చలు. కింది రెక్క చివర సన్నటి తోక. తోక పక్కన నారింజరంగు బొట్టుతో రెండు నల్లచుక్కలు. అచ్చు గుద్దినట్టు ఉన్నారు.

కందిరీగలు తికమకపడ్డాయి. "ఒరే, ఇందులో మొగుడెవడ్రా?"

"నన్నడుగుతావేంట్రా? నువ్వే చూశావుగా!"

అది చూసి తీగల మీది మగవాళ్ళంతా ఒకరి తరవాత ఒకరు రెక్కలు ముడిచారు. గడ్డి వాలు నుంచి వాళ్ళ భార్యలు వచ్చి పక్కన వాలి ముడిచారు. గట్టు మీద నీలం అన్నది లేకుండా పోయింది.

"ఏం జరుగుతోందక్కడ? నా నీలిగుంపు ఏది?" అని తొండ బండ మీంచి అరిచింది. ముడిచిన రెక్క పైనుంచి సన్నటి గీతలా కనబడుతుంది, అంతే. దానికి ఏమీ కనబడలేదు.

"దిగి చూడు" అంది సీతాలు.

"నేను దిగడమా?"

"బండ మీద కూర్చున్నవాడికి అందరి వీపులే కనబడతాయి. దిగు!"

"దిగు! దిగు!" అని చీమలు అందుకున్నాయి. గడ్డి వాలు వాళ్ళు అందుకున్నారు. చివరికి మిడత కూడా అందుకుంది.

తొండ దిగింది. తీగ పక్కగా నడిచింది. ఒక రెక్క చూసింది. ఇంకో రెక్క చూసింది. సిగ్గుతోనో కోపంతోనో దాని మెడ ఎర్రగా మారింది.

"ఓలమ్మో! పెద్దయ్య ఎర్రబడ్డాడు! ఇప్పుడీయన్ని ఏ గుంపులో వేద్దాం?" అంది చీమల అవ్వ.

"సరే సరే" అంది తొండ. "చిన్న పొరపాటు. ఇకనుంచి మార్చేద్దాం. దీనికింత గొడవ దేనికి?"

అప్పుడే రంగమ్మ గడ్డి వాలు నుంచి వచ్చింది. ఎగరలేక ఎగురుతోంది.

"అక్కా, పిల్లలు గుడ్లలోంచి బయటికొచ్చారు. మొగ్గల కోసం వెతికారు. గడ్డి కొరికి చూశారు, మింగలేకపోయారు. ఒక్కడూ మిగల్లేదక్కా."

అవ్వ నవ్వు ఆగిపోయింది. "నీ దగ్గర ఇంకా గుడ్లున్నాయామ్మా?" అని అడిగింది.

"లేవు అవ్వా. పెద్దయ్య చెప్పిన చోటే అన్నీ పెట్టేశాను."

తొండ మెల్లగా అంది: "నాకు తెలియదు కదా."

సీతాలు దాని ముఖానికి ఎదురుగా వాలింది. ఆమె ఎంత? తొండ నోట్లో ఒక్క ముద్దకు చాలదు. అయినా వాలింది.

"తెలియదు కాబట్టే దిగాల్సింది. తెలియదు కాబట్టే అడగాల్సింది. నేను మొదటి రోజే చెప్పాను. నువ్వు 'తరవాతెవరు' అన్నావు. నీకది చిన్న పొరపాటు. నా చెల్లెలికది వంశమంతా!"

ఈసారి తొండ తల ఆడించలేదు. దించుకుంది. దాన్ని ఎవరూ ఓదార్చలేదు.

కందిరీగలు పక్కకు తప్పుకున్నాయి. సీతాలు పిల్లిపెసర తీగ మీదికి వెళ్ళి, మొగ్గకొకటి చొప్పున, ఆవగింజ కన్నా చిన్న గుడ్లు పెట్టసాగింది. నీలయ్య ఆ దగ్గరే తిరిగాడు. చీమల అవ్వ తన వాళ్ళను పిలిచి ఒక్కో రెమ్మకూ కాపలా ఏర్పాటు చేసింది. రంగమ్మ ఒక ఆకు కింద రెక్కలు ముడుచుకుని కూర్చుంది. సీతాలు మధ్యమధ్యలో వెళ్ళి చెల్లెలి పక్కన వాలి, మళ్ళీ వచ్చి పని చేసుకుంది.

నీతి: పైపై రంగు చూసి ఒకరి పుట్టుకనూ చోటునూ తేల్చకూడదు, తెలియనివాడు దిగి చూడాలి, తెలిసినవాడు నోరు విప్పాలి. పిల్లలూ, ఈ కథ వినని పిల్లలు మీ చుట్టూ చాలామంది ఉంటారు, మీకు వచ్చిన మాటల్లో వాళ్ళకూ చెప్పండి. చెప్పేటప్పుడు రంగమ్మ బిడ్డల సంగతి మాత్రం దాటెయ్యకండి.