లేని చేతుల చప్పట్లు

తెనాలిలో ఉదయభాస్కర్ అనే యువకుడు ఉండేవాడు. విత్తనం వేసిన సాయంత్రమే బుట్ట పట్టుకుని కాయల కోసం బయలుదేరే రకం. మిగతా విషయాల్లో బంగారం లాంటివాడు. కంప్యూటర్ చదువు చదువుకున్నాడు. పద్యనాటకం అంటే ప్రాణం పెట్టేవాడు. తనకు మాత్రం గొంతు లేదు. అతను పాట ఎత్తుకుంటే అక్క సువర్చల వెళ్లి కిటికీలు మూసేది. నేను పాడలేకపోతేనేం, పాడేవాళ్లందరినీ ఒకచోట చేరుస్తాను అనుకున్నాడు. అలా 'పందిరి' అనే వెబ్‌సైట్ పుట్టింది.

పందిరిలో ఎవరైనా ఉచితంగా చేరవచ్చు. పద్యం పాడుతూ ఫోన్‌లో వీడియో తీసి పెట్టవచ్చు. తోటివాళ్లు వింటారు, మాట కలుపుతారు, స్నేహాలు చేస్తారు. మిగతావాళ్లు లైక్ అని పెట్టుకునే చోట ఉదయభాస్కర్ 'వన్స్‌మోర్' అని పెట్టాడు. ఆ మాట విలువ నాటకాలాడే ఊళ్లవాళ్లకు చెప్పనక్కర్లేదు. పద్యం నచ్చిందంటే జనం 'వన్స్‌మోర్!' అని కేకలు పెడతారు. నటుడు మళ్లీ పాడితీరాలి. యుద్ధంలో పడి చచ్చిన రాజైనా సరే, లేచి పద్యం ఇంకోసారి పాడి, కిరీటం సర్దుకుని మళ్లీ చావవలసిందే. శాలువాలు కప్పించుకున్న నటులు కూడా ఆ ఒక్క కేక కోసం జీవితాంతం ఎదురుచూస్తారు.

మొదట్లో పందిరి నెమ్మదిగా పెరిగింది. సువర్చల సంగీతం టీచరు. వచ్చిన ప్రతి పద్యం శ్రద్ధగా విని, బాగుంటే బాగుందని, శ్రుతి తప్పితే తప్పిందని రాసేది. ఆ మాటల కోసమే కొంతమంది చేరారు. వాళ్లు మరికొంతమందిని తెచ్చారు. కానీ ఉచితంగా వేసిన పందిరికైనా గుంజల ఖర్చు ఎవరో ఒకరు పెట్టుకోవాలి కదా! జనం పెరిగేకొద్దీ ఖర్చు పెరిగింది. ఉదయభాస్కర్ హైదరాబాదు వెళ్లి నిరంజన్ అనే పెట్టుబడిదారుణ్ణి కలిశాడు.

"పద్యాలు బాగున్నాయా లేదా అన్నది నాకు అనవసరం," అన్నాడు నిరంజన్. "ఎంతమంది వస్తున్నారు? వచ్చినవాళ్లు ఎంతసేపు ఉంటున్నారు? జనం ఉంటే ప్రకటనలు వస్తాయి. ప్రకటనలు వస్తే డబ్బు వస్తుంది. దసరా వెళ్లేసరికి జనాన్ని పదింతలు చేసి చూపించు. సంతకం పెడతాను."

బుట్ట పట్టుకుని తిరిగేవాడికి ఇంతకంటే ఏం కావాలి! ఇంటికి వస్తూనే ఉదయభాస్కర్ ఒక ఉపాయం పన్నాడు. కొత్తగా చేరినవాడు పద్యం పెట్టగానే, కంప్యూటరే రకరకాల పేర్లు కల్పించి వేల కొద్దీ వన్స్‌మోర్లు కొడుతుంది. 'అద్భుతం', 'గంధర్వ గానం' అని రాస్తుంది. దాంతో వాడు ఉబ్బిపోయి చుట్టపక్కాలందరికీ చూపిస్తాడు. చూసినవాళ్లలో గొంతున్నవాళ్లూ లేనివాళ్లూ అందరూ చేరతారు.

సంగతి తెలిసి సువర్చల మండిపడింది.

"ఒరేయ్, ఇది మోసం కాదూ?"

"మోసమేంటక్కా! పకోడీలు పెట్టించి, టీ తాగించి వన్స్‌మోర్ అనిపించుకోవడం నాటకాల్లో మన తాతల నాటి నుంచీ ఉన్నదేగా!"

"పకోడీలు తిని అరిచేవాళ్ల మొహాలు జనానికి కనపడతాయిరా. ఫలానా వాడి మనుషులులే అని నవ్వుకుని ఊరుకుంటారు. నీవాళ్లకు మొహాలేవి?"

అయినా ఉదయభాస్కర్ పని ఆపలేదు.

ఉపాయం పారింది. పందిరి రోజుకింత చొప్పున పెరిగింది. నిరంజన్ రోజూ ఫోన్ చేసి మెచ్చుకోసాగాడు. దసరా తర్వాత సంతకాలకు ముహూర్తం కూడా పెట్టుకున్నారు. సువర్చల మాత్రం పందిరి వైపు చూడడం మానేసింది.

అలా చేరినవాళ్లలో దుగ్గిరాల పసుపు వ్యాపారి వీరభద్రం ఒకడు. ఆయనకు చిన్నప్పటి నుంచి వేషం కట్టాలని కోరిక. కొట్టు, పిల్లల చదువులు, పెళ్లిళ్లు, వీటి మధ్య తీరలేదు. కొడుకు కొట్టు చూసుకోవడం మొదలుపెట్టాక, పసుపు బస్తాల మధ్య నిలబడి ఒక పద్యం పాడి పందిరిలో పెట్టాడు. మర్నాటికి వేల వన్స్‌మోర్లు! ఆయన కళ్లు తిరిగాయి. రోజుకో పద్యం పెట్టసాగాడు. రాజు వేషానికి కిరీటం, భుజకీర్తులు చేయించుకున్నాడు. తమ ఊరి దసరా ఉత్సవాల్లో నాటకం కట్టడానికి ఒప్పుకున్నాడు. తెనాలి వచ్చి ఉదయభాస్కర్ చేతులు పట్టుకున్నాడు.

"నీ పందిరి పుణ్యమా అని ఈ వయసులో మనిషినయ్యాను అబ్బాయ్. అక్కను కూడా తీసుకుని రావాలి. ముందు వరసలో కూర్చోవాలి," అన్నాడు.

ఉదయభాస్కర్ కాదనలేక, అక్కను వెంటబెట్టుకుని వెళ్లాడు.

పండుగనాటి సాయంత్రం నాటకం మొదలైంది. ఊరు ఊరంతా వచ్చింది. ముందు వరసలో వీరభద్రం భార్య, పిల్లలు, మనవలు. వాళ్ల పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంది. ఎవరైనా కూర్చోబోతే వీరభద్రం కొడుకు వద్దని వారిస్తున్నాడు. తెర లేచింది. వీరభద్రం రాజులా నడిచివచ్చి పద్యం ఎత్తుకున్నాడు. రాగం చివర గొంతు పైకి వెళ్లలేక జారింది. పద్యం ముగించి, చేయి చాచి, చిరునవ్వుతో ఆగాడు.

ఎవరూ ఏమీ అనలేదు.

ఆయన ఇంకాసేపు ఆగాడు. హార్మోనియం వాయించేవాడు తలెత్తి చూశాడు. రావలసిన కేక రాకపోవడం వీరభద్రానికి అర్థం కాలేదు. అన్నారేమో, తనకే వినపడలేదేమో అనుకున్నాడు. పాపం, అదే పద్యం మళ్లీ మొదటి నుంచి పాడాడు.

"ఎవరన్నారయ్యా వన్స్‌మోర్?" అని వెనక నుంచి ఎవరో అరిచారు. జనం గొల్లున నవ్వారు. భార్య తల వంచుకుంది. మనవడు కూడా అందరితో పాటు నవ్వబోయి, నాయనమ్మ మొహం చూసి ఆగిపోయాడు. నాటకం ఎలాగో ముగిసింది.

ఉదయభాస్కర్ తెర వెనక్కి వెళ్లాడు. వెనకే సువర్చల వెళ్లింది. వీరభద్రం రంగు కడుక్కోకుండా, కిరీటం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"రా అబ్బాయ్," అన్నాడు. "నాకు అన్ని వేల మంది ఉన్నారు గదా. ఈ చుట్టుపక్కల వాళ్లు ఒక్కరు కూడా లేరంటావా? శోభనాద్రి అని ఒకాయన ఉన్నాడు చూడు, నేను ఏ పద్యం పెట్టినా ముందు ఆయనే వన్స్‌మోర్ కొడతాడు. కొల్లిపర అని రాసుంది. పక్క ఊరేగా, తప్పకుండా రమ్మని పందిరిలో రాశాను. ఆయన కోసమే ఆ కుర్చీ అట్టే పెట్టించాను. పనేదో పడి రాలేకపోయాడేమో."

శోభనాద్రి పేరు కల్పించింది కంప్యూటరు. కంప్యూటరుకు ఆ పని నేర్పింది ఉదయభాస్కర్. లేని మనిషి కోసం ఆ పెద్దాయన కుర్చీ వేయించి ఎదురుచూశాడు. ఉదయభాస్కర్‌కు ఏడుపు ఆగలేదు.

"బాబాయి గారూ, శోభనాద్రి లేడు. ఆ వేల మందిలో చాలామంది లేరు. నేనే పుట్టించాను. జనం తొందరగా పెరగాలని ఆశపడ్డాను. మిమ్మల్ని నవ్వులపాలు చేసింది ఈ ఊరు కాదు, నేను."

వీరభద్రం తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"చెడ్డగా పాడానని ఒక్కడు రాసినా ఇంట్లోనే పాడుకునేవాణ్ణి కదయ్యా," అని మాత్రం అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఉదయభాస్కర్ తను చేసిన పని దాచకుండా పందిరిలో రాసి, అందరికీ క్షమాపణ చెప్పాడు. కల్పించిన పేర్లన్నీ తీసేశాడు. నిరంజన్ నుంచి ఫోన్ వచ్చింది.

"పిచ్చెక్కిందా? గుట్టుగా సంతకాలు కానివ్వచ్చు కదా!"

"అప్పుడు మిమ్మల్ని కూడా మోసం చేసినట్టవుతుందండీ."

"చేస్తే నాకు తెలిసేది కాదుగా," అన్నాడు నిరంజన్. తర్వాత మళ్లీ ఫోన్ చేయలేదు.

జనం తిట్టగలిగినన్ని తిట్లు తిట్టారు. వేల మంది వెళ్లిపోయారు. పందిరి బోసిపోయింది. ఎవరికీ మొహం చూపించలేక ఉదయభాస్కర్ ఇంట్లోనే కూర్చున్నాడు. సువర్చల మాత్రం తమ్ముణ్ణి దెప్పలేదు. పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇప్పుడు మిగిలినవాళ్లు మనుషులేగా. వాళ్లేమన్నారో చూద్దాం పద," అంది.

ఇద్దరూ కలిసి వీరభద్రం పద్యాల దగ్గర మిగిలిన మాటలు చదివారు. నిజమైన మనుషులు రాసినవి కొన్ని ఉన్నాయి. దొంగ పొగడ్తల అడుగున ఇన్నాళ్లూ ఎవరి కంటా పడలేదు. చిత్రం ఏమిటంటే, వాటిలో పద్యం ఊసే లేదు. పద్యం అయ్యాక వీరభద్రం దాని అర్థం చెప్పేవాడు. రాజు రాజ్యం పోగొట్టుకోవడాన్ని కూడా పసుపు మార్కెట్ బేరంలాగా వివరించేవాడు. 'ఆయన అర్థం చెబుతుంటే నవ్వలేక చచ్చాం' అని ఒకరు రాశారు. పొన్నూరు నుంచి ఒక నాటక సమాజం పెద్ద అయితే, రాజుగారి వంటవాడి వేషానికి వస్తారా అని అడిగి, ఫోన్ నంబరు ఇచ్చి, జవాబు లేక మళ్లీ మళ్లీ అడిగాడు.

ఉదయభాస్కర్ ఆగమేఘాల మీద దుగ్గిరాల వెళ్లాడు. వీరభద్రం కొట్లో కూర్చుని ఉన్నాడు. మొహం తిప్పుకోలేదు కానీ, చెప్పింది నమ్మనూ లేదు.

"ఈయన్ని కూడా నీ కంప్యూటరే కన్నదా?"

ఉదయభాస్కర్ ఆ నంబరుకు ఫోన్ కలిపి ఆయన చేతికిచ్చాడు.

"ఏందండీ ఇంత బెట్టు!" అంది అవతలి గొంతు. "ఎన్నిసార్లు రాసినా పలకరే! వంటవాడి వేషానికి మనిషి లేక నాటకం ఆగిపోయి ఉంది. పద్యాలేం వద్దులెండి, ఆ మాటలు చాలు."

"పద్యాలు వద్దా?"

"ఉన్నమాట చెప్తున్నా, కోప్పడబాకండి. పద్యం మీ వల్ల కాదు. మాట మాత్రం మీలాగా ఇంకెవరి వల్లా కాదు."

వీరభద్రం ఉన్నట్టుండి పకపకా నవ్వాడు. దసరా తర్వాత ఆయన నవ్వడం అదే మొదటిసారి.

"ఇది మనిషి మాటేనయ్యా," అన్నాడు ఉదయభాస్కర్‌తో. "ఎప్పుడు రమ్మంటారో అడుగుతానుండు."

ఆ నాటకంలో వంటవాడు వచ్చినప్పుడల్లా జనం పడీపడీ నవ్వారు. వీరభద్రం చేత పద్యం పాడించాలని మాత్రం ఎవరూ అడగలేదు, ఆయనా బాధపడలేదు. పొన్నూరు సమాజం పెద్ద ఉదయభాస్కర్‌కు కబురు పంపాడు: "మాకు నారదుడు కూడా కావాలి. వెతికిపెడితే మీ కష్టం ఉంచుకోం."

అదే పందిరికి దారి చూపింది. ఇప్పుడు పందిరిలో పాడేవాళ్ల దగ్గర ఏమీ తీసుకోరు. మనిషిని వెతుక్కునే నాటక సమాజాలు, ఉత్సవ కమిటీలు తగినవాడు దొరికాక కొంత రుసుము ఇస్తాయి. అక్కడి మెప్పు నిజమైనదని నమ్మకం కలిగాక, తిట్టిపోయినవాళ్లలో చాలామంది తిరిగివచ్చారు. సువర్చల మళ్లీ శ్రుతి తప్పితే తప్పిందని రాస్తోంది. పందిరి మునుపటంత వేగంగా పెరగడం లేదు. కానీ వచ్చినవాడు వెళ్లడం లేదు. ఎవరైనా ఎంతమంది ఉన్నారని అడిగితే, "ఉన్నవాళ్లంతా ఉన్నారండీ," అంటాడు ఉదయభాస్కర్.

నీతి: లేని మెప్పు మనిషిలో ఉన్న ప్రతిభను కూడా కప్పేస్తుంది, నిజం చెప్పి సంపాదించుకున్న నలుగురే ఏ వ్యాపారానికైనా నిలిచే బలం.