లైట్ల మాస్కు, అన్నం తినని పిల్ల

దా, దుప్పట్లోకి దూరు. కాళ్ళు కడుక్కున్నావా? సరే, చెబుతా. ఊఁ కొట్టాలి మరి. నువ్వు ఊఁ కొట్టడం మానేస్తే నేనూ ఆపేస్తా. గోడకి కథలు చెప్పుకోవడానికి నాకేమైనా పిచ్చా?

అనగనగా ఒక ఊరు. పేరు చెప్పను. చెబితే రేపొద్దున్నే ఆ ఊరు తీసుకెళ్ళమని నా ప్రాణం తీస్తావు. ఆ ఊళ్ళో ఒక మేడ మీద వాటాలో హారిక అని ఒకమ్మాయి ఉండేది. మొగుడు పొద్దున్నే బస్సెక్కి ఉద్యోగానికి పోతే మళ్ళీ చీకటి పడ్డాకే రావడం. ఇంట్లో అత్తగారు కనకరత్నం. మంచావిడే కానీ నోరు కాస్త పెద్దది. వాళ్ళకి మూడేళ్ళ కూతురు, తన్వి.

ఈ తన్వి ఉంది చూశావూ, అన్నం తినేది కాదు. ముద్ద పెడితే బుగ్గన పెట్టుకుని కూర్చునేది. ఆ ముద్ద గొంతు దిగేలోపు నేనైతే వంటిల్లు మొత్తం కడిగేసుకోవచ్చు.

అప్పుడు కనకరత్నం ఏమనేది? "తినకపోతే బూచాడొచ్చి నిన్నెత్తుకుపోతాడు" అనేది. తన్వి గట్టి పిండం. "రమ్మను" అనేది. హారికకి నవ్వొచ్చేది కానీ, అవతల అన్నం చల్లారిపోతోందిగా. అందుకని అత్తాకోడళ్ళిద్దరూ మాట మార్చారు. "తినకపోతే బూచాడొచ్చి మీ అమ్మని ఎత్తుకుపోతాడు. అదిగో, మెట్లెక్కుతున్నాడు" అనేవాళ్ళు. ఆ మాటకి మాత్రం తన్వి గబుక్కున మింగేసేది. హమ్మయ్య, దారికొచ్చింది అనుకున్నారు ఇద్దరూ. మూడు పూటలా అదే మాట, అదే మెట్లు, అదే బూచాడు.

నేనెప్పుడైనా నిన్నలా బెదిరించానా? లేదు కదా. ఊఁ కొట్టు.

ఆ హారికకేమో ఒక బాధ ఉండేది. కాన్పయినప్పట్నుంచీ మొహం నిండా మొటిమలే. బుగ్గల మీద, గడ్డం మీద, ఎక్కడ పడితే అక్కడ. ముందు శనగపిండిలో మీగడ కలిపి రాసింది. తగ్గలేదు. ఆ తర్వాత ముల్తానీ మట్టి పట్టించింది. మొహం బిగుసుకుపోయింది కానీ మొటిమలు కదల్లేదు. ఆ తర్వాత పక్కింటావిడ ఎవరో చెప్పారని ఏదో క్రీము తెచ్చిస్తే అదీ రాసింది. ఓరి నాయనో, మొహమంతా మంట! రెండ్రోజులు కొంగు చాటు చేసుకుని తిరిగింది పాపం.

అది విని హైదరాబాదులో ఉన్న చెల్లెలు ఆన్‌లైన్లో ఒక మాస్కు పంపించింది. తెల్లటి ప్లాస్టిక్ మొహం. కళ్ళ దగ్గర, ముక్కు దగ్గర చిల్లులు, వెనక్కి కట్టుకోవడానికి పట్టీ. లోపల్నించి చూస్తే వినాయకుడి పందిట్లో సీరియల్ సెట్టు వేసినట్టు బోలెడు బుల్లి బుల్లి లైట్లు. ఒక మీట నొక్కితే ఎర్రగా వెలుగుతాయి. ఇంకోసారి నొక్కితే నీలం. మరోసారి నొక్కితే పసుపు.

హారిక తెలివైన పిల్లే. తోచినట్టు పెట్టేసుకోలేదు. ముందు ఆ మాస్కు పట్టుకెళ్ళి స్కిన్ డాక్టరమ్మకి చూపించింది. డాక్టరమ్మ అటూ ఇటూ తిప్పి చూసింది. "వాడుకో అమ్మా. మొహం శుభ్రంగా కడుక్కుని, తడి తుడుచుకుని పెట్టుకో. కళ్ళకి దీంతోపాటు వచ్చిన ఈ నల్లద్దాలు మాత్రం తప్పనిసరి. పెట్టెమీద ఎంతసేపని ఉంటే అంతసేపే. తొందరగా తగ్గాలని ఇంకాసేపు ఉంచేవు! మంత్రమేం కాదిది, నెల రెండు నెలలు ఓపిక పట్టాలి" అంది.

సరేనని ఆ సాయంత్రమే హాల్లో కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళకి అద్దాలు పెట్టుకుని, పైన మాస్కు తగిలించి, ఎర్ర లైటు వేసుకుంది.

అప్పుడు తన్వి బాల్కనీలోంచి ఆడుకుంటూ వచ్చింది. చూసేసరికి కుర్చీలో అమ్మ నైటీ ఉంది, అమ్మ చేతులున్నాయి, అమ్మ గాజులున్నాయి. మొహం మాత్రం అమ్మది కాదు. కళ్ళలోంచీ ముక్కులోంచీ ఎర్రటి మంట.

కెవ్వున కేక పెట్టింది పిల్ల. పరిగెత్తుకుంటూ వెళ్ళి నాయనమ్మ చీర కుచ్చిళ్ళలో మొహం దాచేసుకుంది. హారిక మాస్కు లాగి పారేసి, "నేనేనే, అమ్మనే" అంటూ వచ్చింది. తన్వి ఒళ్ళోకి రాలేదు. నాయనమ్మ వెనక నించుని, అమ్మ చెవుల దగ్గర పట్టీ ఏమైనా ఉందేమోనని తొంగి తొంగి చూసింది.

నీకు తెలిసిపోయిందా? ఆఁ, నీకు తెలిసింది కానీ, అంత పెద్దవాళ్ళకి తట్టలేదు చూడు.

ఆ రోజు నుంచి తన్వి అమ్మ చేత్తో పెడితే తినదు. అమ్మ పక్కన పడుకోదు. ఎత్తుకోబోతే ఒళ్ళంతా కొయ్యలా బిగించుకుంటుంది. హారికకి అన్నం సయించడం మానేసింది. మొటిమల మాటే మర్చిపోయింది. పిల్ల ఒక్కసారి వచ్చి మెడ చుట్టూ చేతులేస్తే చాలు, ఇంకేం వద్దనుకుంది. కన్నపిల్ల కళ్ళ ముందే తిరుగుతూ దగ్గరికి రాకపోతే ఎలా ఉంటుంది చెప్పు?

ముందు కనకరత్నం, "పిల్లకి దిష్టి తగిలింది" అంది. ఉప్పూ ఎండుమిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసింది. ఆ ఘాటుకి ఇల్లంతా దగ్గులే దగ్గులు. దిష్టి పోయిందో లేదో తెలీదు కానీ తన్వి మాత్రం రాలేదు.

ఆ తర్వాత హారికకి ఒక ఆలోచన వచ్చింది. మాస్కుకి తన బొట్టుబిళ్ళ అంటించింది. కాటుకతో కనుబొమలు దిద్దింది. లిప్‌స్టిక్‌తో నవ్వే మూతి గీసింది. "చూడవే, ఎంత బావుందో, బొమ్మ" అని చూపించింది. తన్వి ఆ బొట్టు వంక చూసి వెక్కి వెక్కి ఏడ్చింది. ఎందుకేడవదు? బూచాడు అమ్మని తీసుకున్నది చాలక అమ్మ బొట్టు కూడా పెట్టేసుకున్నాడనుకుంది పిచ్చితల్లి.

ఇక లాభం లేదని, అంత ఖరీదు మాస్కు మూల పడెయ్యలేక, ఆ పిల్ల కంటపడకుండా వాడుకుంటే నాలుగు రోజులకి అదే మర్చిపోతుందిలే అనుకుంది హారిక. బొట్టూ కాటుకా తుడిచేసింది. మర్నాడు సాయంత్రం గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. గడియ వెయ్యలేదు. కళ్ళకి అద్దాలు పెట్టుకుని, మంచం మీద వాలి, నీలం లైటు వేసుకుంది.

ఇవతల హాల్లో కనకరత్నం పిల్లకి పప్పన్నం కలిపి కంచంలో పెట్టింది. అలవాటు నోరు కదా, ఊరుకుంటుందా? "తిను, తినకపోతే బూచాడు మీ అమ్మని ఎత్తుకుపోతాడు" అనేసింది. అనేసి, పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి పరిగెత్తింది.

తన్వి గది వైపు చూసింది. తలుపు కిందనుంచి నీలం వెలుగు వస్తోంది.

అప్పుడేం చేసిందో తెలుసా? కంచం ఒళ్ళో పెట్టుకుంది. ఎప్పుడూ ముద్ద మింగని పిల్ల, రెండు చేతులతో కుక్కుకుని కుక్కుకుని తినేసింది. గొంతు పట్టుకుంటే నీళ్ళు తాగి మళ్ళీ తింది. కింద పడిన మెతుకులు కూడా ఏరుకుని తింది. తినేసి, ఆ ఖాళీ కంచం గుండెలకి హత్తుకుని, తలుపు తోసుకుని గదిలోకి వెళ్ళింది.

భయం వెయ్యలేదా అంటావా? ఎందుకు వెయ్యలేదూ! అయినా మంచం దాకా వెళ్ళింది.

"బూచీ, నేను మొత్తం తినేశా. ఇదిగో కంచం. మా అమ్మని ఇచ్చెయ్" అంది.

హారిక కళ్ళకి అద్దాలున్నాయి, ఏమీ కనిపించదు. ఆ మాట మాత్రం చెవిన పడింది. పడగానే అంతా అర్థమైపోయింది. లోపల్లోపలే కన్నీళ్ళు కారిపోయాయి. దిగ్గున లేస్తే పిల్ల జడుసుకుంటుందని కదలకుండా, తల కాస్త పక్కకి తిప్పి, "నువ్వే తీసుకో" అంది మెల్లగా.

తన్వి మంచమెక్కింది. పప్పు చేతులతోనే ఆ పట్టీ పట్టుకుని లాగింది. మాస్కు ఊడొచ్చింది. ఆ తర్వాత అద్దాలు కూడా తీసేసింది. కింద అమ్మ మొహం ఉంది, తడితడిగా.

పిల్ల ఊరికే నమ్మలేదు. అమ్మ గడ్డం మీద మొటిమని వేలితో ముట్టుకుంది. "ఇది ఉంది" అంది. బుగ్గ మీద దాన్ని ముట్టుకుని "ఇదీ ఉంది" అంది. నుదుటి మీద దాన్ని ముట్టుకుని "ఇదీ ఉంది" అంది. అన్నీ ఉన్నాయని చూసుకున్నాక అప్పుడు మెడ చుట్టూ చేతులేసి వాలిపోయింది.

హారిక బావురుమంది. వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నించున్న కనకరత్నం కొంగు నోటికడ్డం పెట్టుకుని, "నా నోరు పడిపోనూ, పసిదాన్ని ఎంత ఏడిపించానే" అంది. "మీరొక్కరే అన్నారా అత్తయ్యా, నేనూ అన్నానుగా" అంది హారిక.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ బూచాడి పేరెత్తలేదు. మాస్కు పారెయ్యలేదులే, చెల్లెలు బోలెడు డబ్బు పోసి కొన్నది. హారిక రోజూ పెట్టుకుంది, మీట నొక్కే పని తన్విది. రెండు నెలలకి చాలా మొటిమలు ఎండిపోయాయి, కొన్ని మచ్చలు ఉండిపోయాయి. డాక్టరమ్మ చెప్పిందిగా, మంత్రం కాదని.

కానీ తన్వి మాస్కు లాగేసిన ఆ సాయంత్రమే ఇంకో సంగతి జరిగింది. హారిక పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని నిజం చెప్పేసింది. "బూచాడని ఎవరూ లేరే. నువ్వు తింటావని మేం అబద్ధం చెప్పాం. తప్పయిపోయింది తల్లీ" అంది.

తన్వి మూతి ముడిచింది. "మరి నేనంత అన్నం ఎందుకు తిన్నా?" అంది కోపంగా.

"నాకోసం తిన్నావే, నాకోసం" అంది హారిక. అని, అన్నం మెతుకులు అంటుకున్న ఆ బుగ్గని ముద్దు పెట్టుకుంది.

అయిపోయింది. కథ కంచి దారి పట్టింది, మనం ఎటూ ఇంట్లోనే ఉన్నాం. కళ్ళు ముయ్యి.

కంచికెళ్ళే కథమ్మా, కాస్త మెల్లగా పో,
కంటిమీద నిద్దర కాసింత చల్లి పో,
ఇంటికొచ్చి పడుకున్నాం, మా గడప దాటి పో,
పోతూ పోతూ వీధి తలుపు దగ్గరగా వేసి పో.