ఓడినవాని ఊట

పూర్వం రోము చక్రవర్తుల ఏలుబడిలో, వెలీనా పట్టణాన్ని పాలించిన సబీనుడనే అధిపతి కొండరాళ్లు తొలిపించి, అండాకారంలో ఒక మహా క్రీడారంగాన్ని నిర్మింపజేశాడు. కమానుల మీద కమానులుగా మూడంతస్తులు లేచిన ఆ కట్టడంలో నడుమ ఇసుక పరచిన బరి, చుట్టూ ఆకాశాన్ని తాకుతున్నట్లుండే మెట్ల వరుసలు, ఎండ సోకకుండా పైన ఓడ తెరచాపల వంటి పందిరి ఉండేవి. కింది వరుసల్లో అధికారులు, వారి వెనుక పౌరులు, అన్నిటికంటే పైన స్త్రీలూ దాసులూ కూర్చోవాలని శాసనం. చూడవచ్చిన పరదేశులు ఇది మానవనిర్మితమేనా అని నివ్వెరపోయేవారు.

ప్రారంభోత్సవం నాడు తరాసుడు, నెరియుడు అనే ఖడ్గయోధులను బరిలో దింపారు. ఏళ్ల తరబడి ఒకే చెరలో మగ్గి, ఒకే కంచంలో తిన్న స్నేహితులు వారు. పోరు ముదిరి, నెరియుడు తొడకు గాయమై కూలిపోగా, చంపమని సబీనుడు సైగ చేశాడు. తరాసుడు కత్తి పారవేసి, మిత్రుని తలను ఒడిలోకి తీసుకొని, "అయ్యా, వీడికి దాహంగా ఉంది. గుక్కెడు నీళ్లిప్పించండి" అని వేడుకున్నాడు. జనం నవ్వారు. ఇద్దరినీ కూల్చమని విలుకాండ్రకు ఆజ్ఞ అయింది.

అంతలో పై వరుస నుండి కలిస్త అనే ముసలి దాసి, తాను తాగడానికి తెచ్చుకున్న చెంబుతో మెట్లు దిగసాగింది.

"ఎక్కడికమ్మా? నీ చోటు పైన కదా" అని భటుడు అడ్డుపడ్డాడు.

"ఆ బిడ్డ కింద ఉన్నాడు నాయనా" అందామె.

భటుడు బల్లెం పక్కకు తీశాడు. గొప్పవారు తమకు తెలియకుండానే ఒదిగి దారి ఇచ్చారు. బరి తలుపు తెరుచుకుంది. ఆమె నీళ్లు పోస్తుంటే, నెరియుని పెదవుల నుండి జారిన చుక్కలు ఇంకిన చోట ఇసుక చెమ్మగిల్లి, నీటిబుగ్గ పుట్టి, నెత్తుటి మరకలను కడుగుతూ బరి అంతటా పరచుకుంది. విలుకాండ్రు విల్లులు దించారు. సబీనుడు ఆసనం దిగివచ్చి, పాదుకలు విడిచి ఆ నీటిలో నిలబడి, "వీరిని విడిచిపెట్టండి" అన్నాడు.

నెరియుడు గాయం మాని, అక్కడే గుడిసె వేసుకొని, వచ్చిపోయేవారికి ఆ నీళ్లు పోస్తూ కాలం గడిపాడు. అందుచేత ఆ బుగ్గకు ఓడినవాని ఊట అనే పేరు వచ్చింది. పందిరీ పై అంతస్తులూ ఏనాడో కూలిపోయినా, కలిస్త పేర వెలసిన చిన్న గుడి ముందు ఆ ఊట నేటికీ పారుతోంది. ఏటా వేసవి ఉత్సవంలో అక్కడ కుస్తీలు జరుగుతాయి. గెలిచినవాడు చెంబు ముంచి తెచ్చి, వంగి, ఓడినవాని దోసిట్లో నీళ్లు పోస్తాడు. అతడు తాగేదాకా జనంలో ఒక్కరూ మాట్లాడరు.