వాకిట్లో మూడు ప్రశ్నలు

ఏ రాజు కాలమో గానీ, ఒకనాడు ఒక దొంగ దర్జాగా పల్లకీలో వస్తే, కోట వాకిలి కాపలావాడు దండం పెట్టి మరీ తలుపు తీశాడు. దాంతో వాడి కొలువు ఊడింది.

కొత్తవాణ్ణి ఎంచే పని దివానుగారిది. ఆయన ఎప్పుడూ అడిగేవి మూడే ప్రశ్నలు. ఎవరు నువ్వు, ఎందుకొచ్చావు, నిన్నెందుకు నమ్మాలి? నలభై మంది జవాబులు బట్టీ పట్టి కోట ముందు బారులు తీరారు. ఆ కొలువుకే వచ్చిన బుట్టలల్లే చిట్టెన్నకి మాత్రం ప్రశ్నలే నచ్చాయి.

దివానుగారి పల్లకీ రాగానే చిట్టెన్న వాకిలికి అడ్డంగా కర్ర పెట్టాడు.

"ఎవరు తమరు? ఎందుకొచ్చారు? తమర్నెందుకు నమ్మాలి?"

దివానుగారి మొహం కందగడ్డయింది. "నేనెవరో తెలీదట్రా? అడగాల్సింది నేను. నువ్వు జవాబు చెప్పు."

"జవాబులు చెప్పడానికి ఆ నలభై మందీ ఉన్నారు దొరా. వాకిట్లో నిలబడేవాడి పని అడగడమే కదా. పాతవాడు పల్లకీని చూసి, అడక్కే మునిగాడు."

దివానుగారు నవ్వుతూ పల్లకీ దిగి, ముద్రుంగరం చూపించి, కాపలా ఈటె చిట్టెన్నకే ఇవ్వమన్నారు.

ఆ రోజు చిట్టెన్న కాక, ఆ మూడు ప్రశ్నలకీ జవాబులు సిద్ధం చేసుకోకుండా వచ్చింది ఆయనొక్కరే.