వెనక్కి చూడని నల్లపెట్ట

మీరు విసిరిన చెత్త గుమ్మం దాటగానే మాయమైపోతుందా? చెప్పండి! మాయమవుతుందంటారా? అయితే వినండి.

అనగనగా అడవి అంచున ఒక వాలు. వాలు మీద కోళ్ళ మంద. కింద ఒక చెలమ. అందరూ తాగేది ఆ నీళ్ళే. మందకు పెద్ద నల్లపెట్ట. కోడి గీరడం చూశారుగా? కాళ్ళతో వెనక్కి చిమ్ముతుంది, వెనక్కి మాత్రం చూడదు. ఆ కోళ్ళు తమ పెంటను కూడా రోజూ అలాగే చిమ్మేవి. అది జారి జారి చెలమలో పడేది.

ఒకరోజు వానపాము కన్నంలోంచి తల మాత్రం బయటపెట్టింది.

"పెద్దమ్మా, నన్ను పొడవకుండా ఒక్క మాట విను. ఆ పెంటను ఎండుటాకులతో కలిపి గుంటలో పేర్చు. మాగేటప్పుడు వేడి పుడుతుంది. చలికి నీ పిల్లలు పక్కనే పడుకోవచ్చు. మాగాక అదే ఎరువు. కొర్రలు ఎలా పండుతాయో చూడు!"

నల్లపెట్ట పకపకా నవ్వింది. "కాళ్ళూ చేతులూ లేనివాడు నాకు పని చెబుతున్నాడర్రా! కడుపు నిండి ఉంది కాబట్టి బతికిపోయావు, పో!"

వానలు వెలిశాక కప్ప ఎగురుకుంటూ వచ్చింది.

"వదినా, నీళ్ళు మురిగిపోయాయి. నా తోకపిల్లల్లో ఒక్కటీ కదలడం లేదు."

"అయితే కాపురం మార్చుకో," అంది నల్లపెట్ట, గీరడం ఆపకుండానే.

చలి మొదలైంది. నల్లపెట్ట కడగొట్టు పిల్ల, పేరు బుల్లి, చెలమలో నీళ్ళు తాగి వచ్చింది.

"అమ్మా, కడుపులో నొప్పి. చలేస్తోందమ్మా."

రెక్క కింద ఎంత పొదువుకున్నా వణుకు తగ్గలేదు. పొద్దు వాలేసరికి వణుకు ఆగింది. బుల్లి ఊపిరీ ఆగింది.

నల్లపెట్ట చెలమ దాకా నడిచి, ఆ పచ్చటి నీళ్ళను చూస్తూ నిలబడింది. కప్ప పక్కకు జరిగి చోటిచ్చింది.

"మామా," అని నల్లపెట్ట వానపామును పిలిచింది. "గుంట ఎక్కడ తవ్వాలి?"

గుంటలో ఆకులతో పేర్చిన పెంటకుప్ప వెచ్చదనంతో మిగిలిన పిల్లలు చలి నుంచి గట్టెక్కాయి. ఎరువు పడ్డ చోట కొర్రలు విరగపండాయి. చెలమ తేటపడింది. బుల్లి మాత్రం తిరిగి రాలేదు.

ఇప్పటికీ నల్లపెట్ట గీరే ముందు ఆగుతుంది. ఒకసారి వెనక్కి తిరిగి చూస్తుంది.

నీతి: మనం చిమ్మింది మనదే. కూడబెడితే బతుకునిస్తుంది, వదిలేస్తే ప్రాణం తీస్తుంది.

మీ ఊరి కోళ్ళఫారం పెంట ఎటు పోతోంది? రేపే వెళ్ళి చూడండి. వాగులోకి పోతుంటే ఊరుకోకండి. గుంట తవ్వించండి!