తెల్లమొహం కిందికి తిప్పుకున్న పుట్టగొడుగు

ఒకప్పుడు తిరుపాలమ్మ అనే ఆవిడ ఉండేది. వయసు నలభై ఒకటి. ఎవరి ఫొటో తీసినా ముందు వాళ్ల మొహం కొంగుతో తుడిచేది. పెళ్లిచూపులకు పంపే ఫొటోలు తీయడం ఆమె పని మరి.

ఆ రోజుల్లో చెట్టు మానుకు పలకలా అంటుకుని పెరిగే పుట్టగొడుగు ఇప్పటిలా ఉండేది కాదు. తెల్లని మొహం ఆకాశం వైపు, గోధుమరంగు వీపు నేల వైపు. అది నల్లమద్ది చెట్టు పెట్టిన పద్ధతి.

"నా ఒంటిమీద ఉంటున్నావు. దారినపోయేవాళ్లకు నీ మొహం కళకళలాడుతూ కనపడాలి. నా పరువు," అనేది చెట్టు.

పుట్టగొడుగు మొహం నిండా సన్నటి రంధ్రాలు. వాటిలో దాని పిల్లలు, పిండికంటే మెత్తటి విత్తులు. వానొచ్చినప్పుడల్లా నీళ్లు నిండి పిల్లలు మునిగిపోయేవారు. చెట్టు పరువు మాత్రం తడిసేది కాదు.

పోయిన వానలో ఒక్కరూ మిగల్లేదు. ఇప్పుడు మళ్లీ ఒడి నిండింది. మబ్బు కనపడితే చాలు, పుట్టగొడుగు పిల్లల్ని లెక్కపెట్టుకునేది.

ఆ మధ్యాహ్నం తిరుపాలమ్మ మెడలో కెమెరా వేసుకుని అడవికి వచ్చి, ఆ తెల్లమొహం చూసి ఆగింది. ఆమె వెనకే కొండమీదికి మబ్బూ వచ్చింది.

"కదలకు. ఫొటోకి నవ్వు," అంది చెట్టు.

"మామా, వానొస్తోంది."

"వానలు బోలెడు వస్తాయి. ఫొటో తీసేవాళ్లు వస్తారా?"

తిరుపాలమ్మ అలవాటు కొద్దీ కొంగుతో పుట్టగొడుగు మొహం తుడిచింది. తుడిచినంత మేరా గోధుమరంగు చార పడింది. కంగారుపడి ఇంకాస్త గట్టిగా తుడిచింది. చార ఇంకాస్త ముదిరింది.

"చాలమ్మా, చాలు," అంది పుట్టగొడుగు. "లోపల పిల్లలున్నారు."

తిరుపాలమ్మ చెయ్యి ఆగిపోయింది. మొదటి చినుకు ఆమె ముక్కుమీద పడింది.

"మరి ఇలా వానకు ఎదురుగా పెట్టుకున్నావేం? తిరుగు."

"మామ ఒప్పుకోడు."

"మచ్చపడ్డ మొహం, దాన్నెవరు చూస్తార్లే," చెట్టు గొణిగింది. "కానీ వీపు చూపిస్తే నలుగురూ ఏమంటారు?"

"ఆ నలుగురూ వచ్చి పిల్లల్ని ఎత్తుకుంటారా మామా?" అంది తిరుపాలమ్మ. పుట్టగొడుగుతో, "నువ్వు తిరుగమ్మా. నీ మొహం ఫొటోలో పడాలంటే నేనే కింద పడుకుంటాను," అంది.

చినుకులు దగ్గరపడ్డాయి. పుట్టగొడుగు కదలబోయి ఆగింది. ఇన్నేళ్లూ ఒకేవైపు బిగుసుకుపోయిన నడుము. విరిగితే పిల్లలతో సహా నేలపాలు.

ఇంతలో ఒక అంచున రంధ్రాల్లోకి నీళ్లు దిగాయి. ఆ చల్లదనం తగలగానే కళ్లు మూసుకుని ఒక్క తిప్పు తిరిగింది. మాను పటపటమంది.

వాన కుండపోతగా కురిసింది. పుట్టగొడుగు వీపుమీదే కురిసింది. ఆ దెబ్బలకు వీపు చెక్కలా గట్టిపడింది. కింద బురదలో వెల్లకిలా పడుకున్న తిరుపాలమ్మ మొహానికీ, కెమెరాకూ అదే చూరయింది. ఆమె ఫొటో తీసింది. తెల్లమొహం, దానిమీద గోధుమ చార, పొగలా తేలిపోతున్న పొడి పొడి పిల్లలు.

"ఫొటోలో నేను పడ్డానా?" అని అడిగింది చెట్టు.

అప్పటినుంచే మానుమీది పుట్టగొడుగు వీపు వానకిచ్చి, మొహం నేలవైపు పెట్టుకుంటుంది. చెట్టు కూలిపోయినా సరే, దానిమీద కొత్తగా పెరిగేది మళ్లీ కిందికే చూస్తుంది. ఆ తెల్లమొహాన్ని వేలితో రుద్దితే ఇప్పటికీ గోధుమరంగు మచ్చ పడుతుంది.

తిరుపాలమ్మ మొహాలు తుడవడం, పెళ్లిచూపుల ఫొటోలు తీయడం రెండూ మానేసింది.